పెనాంగ్ వీధుల్లో తిండి నడక

కొత్త ఊరికి పోతే మనం ఏం చూస్తాం? గుడికి పోతాం. కోట ఉంటే కోట చూస్తాం. బజారులో పిల్లలకు గాజులో, బొమ్మలో కొంటాం. ఆకలైతే దగ్గరున్న హోటల్లో ఇంత తిని బస్సు ఎక్కుతాం. ఇప్పుడు చాలా దేశాల్లో ఊరు చూడటానికి ఇంకొక పద్ధతి వచ్చింది. వీధుల్లో బండ్ల మీద అమ్మే తిండి తింటూ, ఆ తిండి కథ వింటూ ఊరంతా నడవడం. దారి చూపడానికి ఊరి మనిషి ఒకరు ముందు నడుస్తారు. ఆ మనిషిని గైడు అంటారు. ఈ నడకకు జనం డబ్బులిచ్చి మరీ వస్తారు.

"బజ్జీలు తినడానికి కూడా గైడు కావాలా?" అని మీకు నవ్వు రావచ్చు. మన ఊళ్లో అయితే అక్కరలేదు. ఏ బండి దగ్గర నూనె మంచిదో, ఏ అంగట్లో చట్నీ బాగుంటుందో మనకు తెలుసు. ఊరు కొత్తదైతే ఎట్లా? భాష రాదు. బోర్డు చదవలేం. గిన్నెలో ఉన్నది మేక మాంసమో, పంది మాంసమో ఎవరిని అడగాలి? తిరుపతికి వచ్చే యాత్రికులనే చూడండి. ఉత్తరాది నుంచి వచ్చిన వారికి రాగి సంగటి ముద్ద పెడితే దాన్ని ఎట్లా తినాలో తెలియదు. నములుతూ కూర్చుంటారు. పక్కన కూర్చున్న వారు "సంగటిని నమలకూడదు, పులుసులో అద్దుకొని మింగాలి" అని చెప్తారు. ఆ చెప్పిన మనిషే అప్పటికి వారి గైడు.

ఇట్లాంటి తిండి నడకలకు బాగా పేరుపడిన ఊరు ఒకటి మలేషియా దేశంలో ఉంది. దాని పేరు జార్జిటౌన్. అది పెనాంగ్ అనే దీవిలో ఉంది. మద్రాసులో కూడా జార్జిటౌన్ ఉంది కదా! అదీ ఇదీ రెండూ జార్జి అనే పేరున్న ఇంగ్లీషు రాజుల పేరు మీద వచ్చినవే.

వక్కల దీవి

పెనాంగ్ అన్న మాటకు అర్థం తెలిస్తే మీకు ఆ ఊరు కొంచెం దగ్గరవుతుంది. మలయ్ భాషలో 'పినాంగ్' అంటే వక్క. 'పులావ్' అంటే దీవి. పులావ్ పినాంగ్ అంటే వక్కల దీవి. మన తాంబూలంలో వేసుకునే వక్కే.

1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషు దొర ఈ దీవిని పట్టుకున్నాడు. అక్కడ రేవు కట్టించాడు. రేవు ఉంటే ఓడలు వస్తాయి. ఓడలు వస్తే మూటలు మోసేవాళ్లు కావాలి. వర్తకులు కావాలి. వాళ్లందరికీ అన్నం వండేవాళ్లు కావాలి. చైనా నుంచి జనం వచ్చారు. తమిళనాడు తీరం నుంచి ముస్లిం వర్తకులు వచ్చారు. అక్కడి మలయ్ జనం ఉండనే ఉన్నారు. బర్మావారు, సయాంవారు, ఆర్మీనియా వారు కూడా వచ్చి చేరారు. ఎవరి వంట వారు వెంట తెచ్చుకున్నారు.

మన తెలుగువాళ్లు కూడా మలేషియా పోయారు. ఎక్కువ మంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వాళ్లు. రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో కూలికి పోయారు. 1926లో కట్టిన 'రజులా' అనే ఓడ మద్రాసు నుంచి, నాగపట్నం నుంచి మనుషులను ఎక్కించుకొని పెనాంగ్ మీదుగా సింగపూరు పోయేది. 1970ల మొదటి వరకు ఆ ఓడ తిరిగింది. మలేషియాలో తెలుగువాళ్ల సంఘం 1955లో ఏర్పడింది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దేశపు రాజధాని కౌలాలంపూర్‌లోనే. అయితే మనవాళ్లు ఎక్కువగా తోటల్లో ఉండిపోయారు. పట్నం వీధుల్లో అంగళ్లు పెట్టింది తమిళులు. అందుకే అక్కడ మన తిండికి తమిళ పేర్లు వినిపిస్తాయి. తెలుగు పేర్లు వినిపించవు.

జార్జిటౌన్‌లో ఒక వీధి ఉంది. ఆ వీధి పొడుగునా నడిచిపోతే చర్చి, చైనావాళ్ల గుడి, మారియమ్మన్ గుడి, మసీదు వరసగా వస్తాయి. చర్చి కట్టింది 1818లో. మారియమ్మన్ గుడి 1833 నాటిది. మసీదు 1801 నాటిది. దాని పేరు కపితాన్ కెలింగ్ మసీదు. 'కెలింగ్' అన్న మాట మన కళింగ దేశం పేరు నుంచి పుట్టింది. పాతకాలంలో మన తీరం నుంచి వచ్చిన వారందరినీ అట్లా పిలిచేవారు. ఇప్పుడు ఆ మాటను తిట్టుగా వాడటం వల్ల అక్కడి మనవాళ్లు దాన్ని ఇష్టపడరు. మసీదు పేరులో మాత్రం అది నిలిచిపోయింది.

కావడి మీద వచ్చిన అన్నం

నడక ఎట్లా సాగుతుందో చూద్దాం. గుంపులో పదిమంది లోపే ఉంటే మంచిది. ఇంకా ఎక్కువైతే వెనకున్న వారికి గైడు మాట వినపడదు. మూడు నాలుగు గంటలు నడుస్తారు. ప్రతి చోటా కడుపు నిండా తినరు. ఒక ప్లేటు తెప్పించి నలుగురు పంచుకుంటారు. లేకపోతే రెండో బండి దగ్గరికే కడుపు నిండిపోతుంది.

పొద్దున నడక అయితే ముందు 'రోటీ చనాయ్' అంగడి. మైదా పిండిని నూనె పెట్టి నానబెట్టి, చేత్తో గాల్లో విసిరి విసిరి పలుచగా చేస్తారు. మడిచి పెనం మీద కాలుస్తారు. పప్పుచారు లాంటి కూరతో పెడతారు. తిరుపతి రోడ్డు పక్క పరోటా బండ్లు చూసిన వాళ్లకు ఇది కొత్త కాదు. దానితోపాటు 'తే తారిక్' ఇస్తారు. 'తే' అంటే టీ. 'తారిక్' అంటే లాగడం. చిక్కటి పాలు కలిపిన టీని ఒక గ్లాసు పైకెత్తి, ఇంకో గ్లాసు కిందికి దించి, బారెడు ఎత్తు నుంచి పోస్తారు. నురగ వస్తుంది. మన టీ అంగట్లో చేసే పనే ఇది. అక్కడ దాన్ని చూడటానికి ఫోటోలు తీసుకునేవాళ్లు నిలబడి ఉంటారు!

తర్వాత వచ్చేది 'నాసి కందార్'. దీని కథ వినాలి.

'నాసి' అంటే అన్నం. 'కందార్' అంటే కావడి బద్ద. మన ఊళ్లల్లో నీళ్ల కావడి, పాల కావడి ఎట్లా మోసేవాళ్లో మీకు తెలుసు. తిరుత్తణికి మొక్కుబడి కావడి ఎత్తుకొని పోయే వాళ్లనూ చూసి ఉంటారు. పెనాంగ్‌లో తమిళ ముస్లింలు భుజం మీద కావడి వేసుకొనేవారు. ఒక పక్క అన్నం కుండ. ఇంకో పక్క కూర కుండలు. తెల్లారేసరికి రేవు దగ్గరికి పోయేవారు. మూటలు మోసే కూలీలకు అక్కడే అన్నం పెట్టేవారు. కూలీకి ఇంటికి పోయి వండుకునే టైము లేదు. చాలామందికి అక్కడ ఇల్లే లేదు. కావడి వచ్చిందంటే అన్నం వచ్చినట్లు. ఆ అన్నమే ఈనాడు 'కావడి అన్నం' పేరుతో పెద్ద పెద్ద హోటళ్లలో కూడా అమ్ముతున్నారు. కావడి పోయింది, పేరు మిగిలింది.

ఈ అన్నంలో రుచి ఎక్కడుంది? ఒకే కూరలో లేదు. చేప పులుసు, కోడి కూర, బెండకాయ, గుడ్డు – నాలుగైదు కూరల రసాలు అన్నం మీద కలిపి పోస్తారు. ఎక్కువ పోయమని అడగాలంటే 'బంజీర్' అంటారు. బంజీర్ అంటే వరద!

ఈ తమిళ ముస్లింలను అక్కడ 'మామక్' అంటారు. ఆ మాట మనకూ తెలిసిన 'మామ' నుంచి వచ్చిందే. అంగడి అతన్ని వరస పెట్టి పిలవడం మన పక్కన ఉన్న అలవాటే కదా.

చింతపండు పులుసు, చైనా పెనం

మధ్యాహ్నం ఎండకు 'ఆసామ్ లక్సా' తింటారు. ఆసామ్ అంటే పులుపు. చేపను ఉడికించి, ముల్లు తీసి, చింతపండు పులుసులో వేస్తారు. అందులో బియ్యప్పిండితో చేసిన లావు సేమ్యాలు వేస్తారు. పైన పుదీనా, ఎర్రగడ్డ, అనాసపండు ముక్కలు, ఒక రకం అల్లం పువ్వు. చివర నల్లగా చిక్కగా ఉండే రొయ్యల పేస్టు ఒక చెంచా. చింతపండు, చేప ఒకచోట కలిస్తే చాలు, మనకు అది చేపల పులుసే. సేమ్యాలు మాత్రం చైనావాళ్లవి. అల్లం పువ్వు మలయ్ వాళ్లది. ఒక గిన్నెలో ముగ్గురి వంట ఉంది.

రాత్రి పూట చూలియా వీధిలో, కింబర్లీ వీధిలో బండ్లు వెలుగుతాయి. చైనావాళ్ల పెద్ద పెనం కింద మంట భగ్గున లేస్తుంది. బియ్యప్పిండితో చేసిన పట్టీల్లాంటి సేమ్యాలను రొయ్యలు, గుడ్డు, మొలకలు వేసి నిమిషాల్లో వేయిస్తారు. దీని పేరు 'చార్ క్వే త్యావ్'. ఇది కూడా మొదట కూలీల తిండే. పంది కొవ్వులో వేయించేవారు. తక్కువ డబ్బుకు ఎక్కువ బలం కావాలి కాబట్టి కొవ్వు ఎక్కువ వేసేవారు. ఇప్పుడు కొందరు మామూలు నూనెతోనే చేస్తున్నారు.

తీపికి 'చెందోల్'. తురిమిన మంచు మీద కొబ్బరి పాలు, తాటిబెల్లం లాంటి నల్ల బెల్లపు పాకం పోసి, ఆకుపచ్చ పిండి తీగలు వేసి ఇస్తారు. ఇక 'అపోం', 'పుతు మయం' గురించి చెప్పే పని లేదు. ఒకటి అప్పం, ఇంకొకటి ఇడియాప్పం. చిత్తూరు, పుత్తూరు వైపు వాళ్లు చూస్తే పేరు అడగకుండానే చెయ్యి చాస్తారు.

ఒకే బల్ల, వేరు వేరు ప్లేట్లు

నడక మొదలు పెట్టకముందే మంచి గైడు ఒక ప్రశ్న అడుగుతాడు. "మీరు ఏం తినరు?" ముస్లింలు పంది తినరు. హిందువుల్లో చాలామంది ఆవు మాంసం తినరు. చైనా బౌద్ధుల్లో కొందరు నెలలో రెండు రోజులు మాంసం ముట్టరు. కొందరికి రొయ్యలు పడవు, తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. ఇవన్నీ తెలుసుకున్నాకే ఏ బండి దగ్గర ఆగాలో, ఏ బండి దాటిపోవాలో లెక్క వేసుకుంటాడు. 'హలాల్' అనే బోర్డు ఉన్నచోట ముస్లింలు ధైర్యంగా తింటారు.

అక్కడి పాత కాఫీ అంగళ్లలో ఒకే కప్పు కింద అయిదారు బండ్లు ఉంటాయి. ఒకరు చైనా సేమ్యాలు తెచ్చుకుంటారు. ఎదురుగా ఇంకొకరు రోటీ తెచ్చుకుంటారు. బల్ల మాత్రం ఒకటే. అక్కడ గొడవలు లేవని కాదు. 1969 మే నెలలో కౌలాలంపూర్‌లో మలయ్ వాళ్లకూ చైనావాళ్లకూ మధ్య పెద్ద గొడవలు జరిగాయి. చాలామంది చనిపోయారు.

బల్ల మాట వచ్చింది కాబట్టి మన సంగతి కూడా చెప్పుకోవాలి. మన పల్లెల్లో కొన్ని టీ అంగళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టేవారు. తాగినాక ఆ గ్లాసు వాళ్లే కడిగి పెట్టాలి. దీన్నే రెండు గ్లాసుల పద్ధతి అంటారు. ఇది నేరం. మన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అంగళ్లకు, హోటళ్లకు పోవడానికి కులం అడ్డు కాకూడదని 15వ అధికరణం చెప్తోంది. 1955లో ఒక చట్టం, 1989లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. అయినా కొన్నిచోట్ల రెండో గ్లాసు ఇంకా చూరులోనే ఉంది. ఎక్కడో దీవిలో ఎవరు ఎవరి పక్కన తింటున్నారో చూసి ఆశ్చర్యపోయే ముందు, మన ఊరి టీ అంగడి వైపు ఒకసారి చూడవలసిందే.

నడక వల్ల ఎవరికి లాభం?

2008లో యునెస్కో అనే ప్రపంచ సంస్థ జార్జిటౌన్‌ను, మలక్కా అనే ఇంకొక ఊరిని కాపాడుకోవలసిన చోట్లుగా ప్రకటించింది. అప్పటి నుంచి బయటి దేశాల వాళ్లు రావడం పెరిగింది. గైడ్లకు పని దొరికింది. మలేషియాలో గైడు పని చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. బండివాళ్లకు బేరాలు పెరిగాయి.

ఇందులో ఇంకో వైపు కూడా ఉంది. 1948కి ముందు కట్టిన ఇళ్లకు అక్కడ అద్దె పెంచకుండా ఒక చట్టం ఉండేది. 2000 సంవత్సరం మొదటి రోజు నుంచి అది పోయింది. అద్దెలు పెరిగాయి. తరతరాలుగా ఆ వీధుల్లో ఉన్న చాలా కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేసి దూరంగా పోయాయి. ఆ పాత ఇళ్లల్లో లాడ్జీలు, కాఫీ హోటళ్లు వచ్చాయి. జనం చూడటానికి వచ్చేది ఆ కుటుంబాల వంటనే. ఆ వంట వండేవాళ్లు ఆ వీధిలో అద్దె కట్టలేకపోతున్నారు. ఇది అన్యాయంగానే ఉంది.

పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు. రోజంతా మంట ముందు నిలబడే పని ఎవరికి ఇష్టం? అందుకని బంగ్లాదేశ్ నుంచి, బర్మా నుంచి వచ్చిన కూలీలు పెనం దగ్గర నిలబడసాగారు. రుచి చెడిపోతుందని పెనాంగ్ ప్రభుత్వం 2016 నుంచి ఒక నియమం పెట్టింది. వీధి అంగళ్లలో ఊరి పేరు మోసిన కొన్ని వంటలను విదేశీయులు పెద్ద వంటవాళ్లుగా వండకూడదు. నియమం పెట్టినవారికి వారి కారణాలు ఉన్నాయి. కానీ ఆ వంటలు మొదట వండినవాళ్లు మాత్రం ఎక్కడివాళ్లు? వాళ్లూ ఓడ దిగి వచ్చినవాళ్లే కదా!

కడుపు నొప్పి రాకుండా

వీధి తిండి అంటే రోగాలు వస్తాయని భయం ఉంటుంది. ఆ భయంలో కొంత నిజం ఉంది. టైఫాయిడ్, విరేచనాలు చెడ్డ నీళ్ల వల్ల, కడగని చేతుల వల్ల వస్తాయి. మలేషియాలో తిండి అమ్మేవాళ్లు టైఫాయిడ్ సూది వేయించుకోవాలి. శుభ్రం గురించి శిక్షణ తీసుకోవాలి. ఇది అక్కడి చట్టం.

గైడు బండిని ఎట్లా ఎంచుకుంటాడో మనకూ పనికొస్తుంది. జనం ఎక్కువగా ఉన్న బండి దగ్గర తిండి నిలవ ఉండదు. కళ్ల ముందు వేడిగా చేసి ఇచ్చేది మంచిది. కోసి పెట్టిన పండ్ల మీద ఈగలు ఉంటే వద్దు. నూనె నల్లగా, జిగటగా ఉంటే అది చాలాసార్లు కాగిన నూనె. డబ్బులు తీసుకున్న చేత్తోనే చట్నీ వేస్తున్నారా, లేదా చూడండి. ఇంకొక మాట. బజ్జీలు, బోండాలు పాత న్యూస్ పేపర్లో చుట్టి ఇస్తారు. పేపరు సిరా నూనెకు కరిగి తిండిలో కలుస్తుంది. తిండిని న్యూస్ పేపర్లో చుట్టకూడదని మన దేశంలో 2018 నాటి నిబంధనల్లో ఉంది. విస్తరాకు, అరిటాకు వాడితే ఏ బాధా లేదు.

మన బండికి ఉన్న హక్కు

పెనాంగ్ నడక గురించి చదివిన మీలో బండి పెట్టుకున్న అక్కలు, అన్నలు కూడా ఉంటారు. గుంత పొంగనాలు, మసాలా బొరుగులు, ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్మే గంప అయినా సరే, దానికి చట్టంలో చోటు ఉంది. వీధిలో వ్యాపారం చేసుకోవడం కూడా పౌరుల హక్కే, దానికి కొన్ని హద్దులు పెట్టవచ్చు అని సుప్రీం కోర్టు 1989లో చెప్పింది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల కోసం చట్టం చేసింది.

ఆ చట్టం ప్రకారం ప్రతి పట్నంలో బండ్లవాళ్లను లెక్క రాయాలి. అయిదేళ్లకు ఒకసారైనా ఈ లెక్క జరగాలి. లెక్కలో ఉన్నవారికి సర్టిఫికెట్ ఇవ్వాలి. లెక్క పూర్తయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేవరకు ఎవరినీ లేపకూడదు. టౌన్ వెండింగ్ కమిటీ అని ఒక కమిటీ ఉండాలి. అందులో నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఆ వ్యాపారుల్లో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. 2020లో పీఎం స్వనిధి అనే పథకం వచ్చింది. బంగారం కుదువ పెట్టకుండానే బండ్లవాళ్లకు బ్యాంకు అప్పు ఇచ్చే పథకం అది. మొదలు పెట్టినప్పుడు తొలి అప్పు 10,000 రూపాయలు.

బండిని వేరే చోటికి మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గడువు దాటినాక వస్తువులు పట్టుకొని పోతే, ఏమేమి తీసుకున్నారో జాబితా రాసి వ్యాపారికి ఇవ్వాలి. రుసుము కట్టినాక పెనం, గ్యాసు స్టవ్వు లాంటివి రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. చెడిపోయే సరుకు, అంటే పిండి, పండ్లు, కూరగాయలు లాంటివి అడిగిన రోజే ఇవ్వాలి. జాబితా చేతికి వచ్చినప్పుడు తన గిన్నెలు ఎన్ని, గరిటెలు ఎన్ని, స్టవ్వు రాశారా లేదా అని పొంగనాల అక్క అక్కడే నిలబడి చదువుకోవచ్చు. ఏదైనా రాయకపోతే అప్పుడే అడగవచ్చు.